నా పొట్ట మీది గంధం చుక్కలు

నేను ఒక విమానం రెక్కను. పుట్టి తొమ్మిదేళ్లయినా ఇంతవరకు ఎగిరి ఎరగను. మూరెడు పొడవు, టేకు చెక్క. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో నన్ను చెక్కి, ఈగ వాలితే జారేంత నున్నగా రుద్దారు. ఆ నునుపే నా జబ్బని అప్పుడెవరికీ తెలియదు.

నా ఇల్లు గాలి సొరంగం. ఒక చివర పెద్ద ఫ్యాను ఉన్న పొడవాటి పెట్టె అది. నిజం విమానం గాలిలోకి దూసుకుపోతుంది. ఇక్కడ నేను కదలను, గాలే నా మీదికి దూసుకొస్తుంది. రాగానే నేను ఈల వేస్తాను, చెవిలో సూది దించినట్టు. దాన్ని మాన్పించడమే ప్రొఫెసర్ హైమావతి గారి పరిశోధన. నాలుగేళ్లపాటు ఆవిడ నా వెనక అంచుకి రంపపు పళ్లు అతికించారు, బ్రష్షు కుచ్చులు కట్టారు. ఈల కాస్త తగ్గేది గానీ మానేది కాదు. ఒక్క చప్పుడు ఆపడానికి మనుషులు ఎంత చప్పుడు చేస్తారో నేను చూశాను.

నాలుగో ఏడు, దసరా తర్వాత తనిఖీకి కాలేజీ కమిటీ వస్తానంది. ఫలితం లేకపోతే సొరంగం విప్పేసి, ఆ గదిని జవాబు పత్రాల కట్టలు దాచడానికి తీసుకుంటారట. మేడం అన్నం డబ్బా కూడా నా పక్కనే తెరిచేవారు, సగం తిని మూసేసేవారు.

పండగ మర్నాడు నన్ను సొరంగంలో బిగించి ఫ్యాను వేశారు. ఈల లేదు. మేడం సంతోషించలేదు. ఈల కొలిచే మైకు పాడైందనుకుని మార్చారు, వైర్లు మార్చారు. చివరికి టార్చి వేసి నన్ను చూశారు. నా పొట్ట మీద, అంటే కింది వైపు, ముందు అంచు పక్కనే, ఎండిన గంధం చుక్కలు వరసగా ఉన్నాయి.

ల్యాబు అటెండరు పైడిరాజుని పిలిచారు. "రెక్కను ముట్టరాదు" అన్న బోర్డు అతికించింది అతనే.

"నానే ఎట్టినానమ్మా," అన్నాడు, తల దించుకుని. "ఆయుధ పూజ కదా. ఫ్యానుకెట్టి, స్క్రూడ్రైవర్లకెట్టి, దీనికొక్కదానికీ ఎట్టకపోతే చిన్నబుచ్చుకుంటాదని. బల్ల మీద వెల్లకిలా ఉంది, పొట్టకే ఎట్టేసినాను. కాంట్రాక్టోణ్ణి, ఉద్యోగం తియ్యకండమ్మా."

మేడం తడిగుడ్డతో చుక్కలు తుడిచి ఫ్యాను వేశారు. ఈల వేశాను.

"పైడిరాజూ, గంధం ఉందా ఇంకా?"

"ఉందమ్మా."

"మళ్ళీ పెట్టు. అక్కడే, అలాగే."

వేలితో పెట్టాడు. ఆరేదాకా ఇద్దరూ నా ముందు స్టూళ్ల మీద కూర్చున్నారు. ఫ్యాను వేశారు. గాలి మాత్రమే వినిపించింది.

నున్నటి ఒంటి మీద గాలి పొరలుగా జారి, వెనక అంచు దగ్గర ఒక్క తాళంలో కొట్టుకుంటుంది, అదే ఈల. చుక్కలు తగిలితే గాలి చెదిరి ఆ తాళం తప్పుతుంది. మేడం కమిటీకి అదే చెప్పారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని వాళ్లడిగితే, దాచకుండా పైడిరాజు పేరూ చెప్పారు. ఒకాయన నవ్వాడు. సొరంగం మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు నా చోట లోహపు రెక్క వచ్చింది, మిషను అచ్చుగుద్దిన చుక్కలతో. నేను అద్దాల బీరువాలో ఉన్నాను. మొన్న ఆయుధ పూజకి పైడిరాజు గంధం గిన్నెతో ఆ కొత్త రెక్క దగ్గరికి వచ్చి, "దీనికెక్కడెట్టమంటారమ్మా?" అని అడిగాడు. మేడం స్కేలు అందించారు. అతను కొలిచి పెట్టాడు.

తర్వాత బీరువా తెరిచి నాకూ ఒక చుక్క పెట్టాడు. అది సరైన చోటేనా అని ఎవరూ కొలవలేదు.