రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ ఓర్పు మాస్టారు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. నేర్చుకునేవాళ్ళు కారుని ఫుట్‌పాత్ ఎక్కించినా, ఇండికేటరు వెయ్యబోయి వైపర్లు ఆడించినా, నాలుగు రోడ్ల నడుమ ఇంజను ఆపేసి వెనకున్న బండ్లన్నింటి చేతా హారన్లు కొట్టించినా ఆయన గొంతు పెరిగేది కాదు. స్కూలు ఓనరు కొత్తగా చేరినవాళ్ళకి ఈయన్నే చూపించి, కోపాన్ని అదుపులో పెట్టుకోవడమంటే అదీ అనేవాడు.

కానీ కంగారు అంత తేలిగ్గా పోయే సరుకా? పైన మూత పెడితే కిందికి దిగుతుంది. మాస్టారి కంగారంతా ఆయన కుడికాల్లోకి దిగింది.

నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ప్రమాదం మీదికొస్తే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఈయన ప్రమాదం వచ్చేదాకా ఎక్కడ ఆగుతారు? దూరంగా బస్సు కనిపిస్తే తొక్కేవారు. రోడ్డు పక్కన కుక్క ఒళ్ళు విరుచుకుంటే తొక్కేవారు. మెత్తగా, చడీచప్పుడు లేకుండా, చూపు ఎదురుగానే ఉంచి తొక్కేవారు. రెండు బ్రేకులూ కలిపే ఉంటాయి కాబట్టి నేర్చుకునేవాళ్ళ పాదం కిందిది కూడా దానంతటదే దిగేది. కారు ఆగేది. "శభాష్, ఎంత బాగా ఆపారండీ!" అనేవారు మాస్టారు. అవతలి మొహం వెలిగిపోయేది. అది అబద్ధమని ఆయనకెప్పుడూ తోచలేదు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నారు.

ఇంట్లో ఆ కాలితో వేగలేక భార్య విసిగిపోయింది. భోజనాల బల్ల కింద అది ఆడుతూనే ఉండేది. నిద్రలో మంచం కాళ్ళవైపు చెక్కని తొక్కుతుంటే ఆవిడ దిండు చంకన పెట్టుకుని పక్కగదిలోకి పోయేది.

ఇదంతా ఇలాగే గడిచిపోయేదేమో గానీ, వ్యవహారం సొంత అక్క పీకల మీదికొచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీలతో ఒళ్ళు హూనమైపోయింది. రోగుల ఇళ్ళకి వెళ్ళి చూసే పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది గానీ, కారు తనే నడుపుకోవాలి. నెలాఖరుకి లైసెన్సు తెస్తే ఆ ఉద్యోగం ఆవిడది, తేకపోతే ఇంకొకరిది. తమ్ముడి దగ్గర నేర్చుకుని రెండుసార్లు పరీక్షకి వెళ్ళింది, రెండుసార్లూ ఫెయిలైంది. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

రెండోసారి ఫెయిలైన రోజున పరీక్ష పెట్టే ఆఫీసరమ్మ మాస్టారిని పక్కకి పిలిచింది.

"మీ దగ్గర్నుంచి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే తప్పు మాస్టారూ. బ్రేకు మీద కాలు పెడతారు, నొక్కరు. కారు ఆగకపోతే నా వంక ఆశ్చర్యంగా చూస్తారు. నేనేదో మోసం చేసినట్టు!"

 మాస్టారికి నవ్వబోతే నవ్వు రాలేదు. ఆ కాలు అక్కడే, ఆఫీసు వరండాలోనే, బూటులో టకటకలాడింది.

మర్నాటి నుంచి ఆయన తంటాలు చూడాలి. కాలు మడిచి తొడకింద పెట్టుకున్నారు. తిమ్మిరెక్కింది. కాలి మీద కాలేసుకున్నారు. ఎదురుగా పాల వ్యాను రాగానే పైకాలు తనే దిగిపోయి పని కానిచ్చేసింది. బూటు విడిచి కూర్చుంటే మేజోడుతోనే తొక్కేశారు. అక్క ఎప్పటిలాగే అడిగేది, "నేనే ఆపానా?" అని. నోరు కూడా ఎప్పటిలాగే పలికేది, "నువ్వే అక్కా, ఒట్టు!" అని. అని నాలుక కరుచుకునేవారు. రోజులు గడుస్తున్నాయి. మాస్టారికి ముద్ద దిగడం లేదు. అద్దంలో మొహం చూసుకున్నా చిరాకే.

చివరికి ఒక ఉదయం నిజంగానే నిగ్రహించుకున్నారు. మలుపు దగ్గర సైకిలతను అడ్డంగా వచ్చాడు. మాస్టారు రెండు చేతులతో సీటుని పట్టుకుని, పళ్ళు బిగించి, కాలిని కదలనివ్వలేదు. అక్క ఆలస్యంగానే అయినా గట్టిగా తొక్కింది. కారు గుంజుకుని ఆగింది. సైకిలతను నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయాడు.

"అక్కా! ఆపింది నువ్వే!" అన్నారు మాస్టారు. "నేను తొక్కలేదు!"

"ఎప్పుడూ చెప్పేదేగా."

"ఈసారి నిజంగా. ఒట్టు."

అక్క కారుని పక్కకి తీసి ఆపింది. తమ్ముడి వైపు తిరిగి చూసింది.

"ఈసారి నిజంగా అంటే ఏంట్రా? మరి మిగతాసార్లు?"

ఇక దాచి లాభం లేదు. మాస్టారు తల వంచుకుని అంతా చెప్పేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. 

"నువ్వు శభాష్ అన్నప్పుడల్లా నాకు వచ్చేసిందనుకున్నానురా. పరీక్షలో కారు ఆగకపోతే నాకేదో మతి పోయిందనుకున్నా. వయసైపోయింది, ఇంక నీవల్ల కాదే అని నన్ను నేనే తిట్టుకున్నా. రోగులకి మందివ్వడానిక్కూడా చెయ్యి వణికింది నాకు, తెలుసా?"

"అక్కా..."

"మాట్లాడకు. నాకిప్పుడు నీ ఒట్టు అక్కర్లేదు. కాళ్ళు కనబడాలి."

కారుని స్కూలు మైదానానికి పోనిచ్చింది. అక్కడ ప్లాస్టిక్ దిమ్మెలు వరసగా పెట్టి ఉన్నాయి. "రెండు కాళ్ళూ పైన పెట్టు" అంది. ఓర్పు మాస్టారు, కోటు గుండీలు కూడా విప్పని మనిషి, బూట్లు విడిచి, రెండు పాదాలూ ఎత్తి డాష్‌బోర్డు మీద పెట్టుకుని కూర్చున్నారు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. మైదానంలో నేర్చుకుంటున్నవాళ్ళు బండ్లు ఆపుకుని మరీ నవ్వారు. ఓనరు గదిలోంచి బయటికొచ్చి కళ్ళు తేలేశాడు.

అక్క నడిపింది. మొదటి దిమ్మెని గుద్దేసింది. రెండోది చక్రం కిందికి పోయి చప్పట్లు కొట్టినంత చప్పుడు చేసింది. మాస్టారి కాళ్ళు గాలిలోనే తొక్కుతున్నాయి. చెమటలు కారిపోతున్నాయి. అక్క కళ్ళలో నీళ్ళు, అయినా మానలేదు. దిమ్మెలు మళ్ళీ నిలబెట్టించి మళ్ళీ వచ్చింది. బ్రేకు ఎంత బలంగా తొక్కితే కారు ఎంత దూరంలో ఆగుతుందో ఆ వయసులో, తమ్ముడి పాదాలు కళ్ళెదుట పెట్టుకుని, మొట్టమొదటిసారి తెలుసుకుంది. మధ్యాహ్నానికి కారు దిమ్మె ముందు తిన్నగా ఆగింది. ఆవిడ తమ్ముడి కాళ్ళ వంక చూసింది, తర్వాత తన కాలి వంక చూసుకుంది.

"ఇది నేను" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు.

పరీక్ష వరకూ రోజూ అలాగే సాగింది. మాస్టారి కాళ్ళు మైదానంలో డాష్‌బోర్డు మీద, రోడ్డెక్కితే కింద. రోడ్డు మీద ఆ కాలిని అదుపులో పెట్టడానికి మాస్టారు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ఒకసారి లారీ వెనక్కి వస్తుంటే తొక్కక తప్పలేదు. వెంటనే, "ఇది నేనే తొక్కానక్కా" అని చెప్పారు. ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా తల ఊపింది.

పరీక్ష రోజున మాస్టారు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నారు. కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆఫీసరమ్మ దిగి, మాస్టారిని చూసి, లోపలికి పోయింది. అక్క దిగి వచ్చింది.

"పాసయ్యాను."

మాస్టారు రెండు చేతులూ చాచారు. ఆవిడ దగ్గరికి రాలేదు.

"నేను నీ అక్కని కాబట్టి మూడోసారి వచ్చాను. రానివాళ్ళ సంగతేంట్రా? వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. ఇప్పుడే, నా ఎదురుగా."

మొదటి ఫోను బేకరీ నడిపే ఒకాయనకి. పోయినేడు పరీక్ష పోగానే మానేసినాయన.  మాస్టారు ఎలాగో కూడదీసుకుని చెప్పారు, అన్ని రోజులూ కారు ఆపింది మీరు కాదండీ, నేను, అని.

 అవతల ఎవరో పిండి మిషను ఆపారు.

"నా కాలికే ఏదో జబ్బనుకున్నానండీ" అన్నాడాయన. "మీ పక్కనుంటే పనిచేస్తుంది, అక్కడ చెయ్యదు. నరాల డాక్టరు చుట్టూ తిరిగాను. భయపడి కారు కూడా బావమరిదికి ఇచ్చేశాను."

"మీ కాలు బాగానే ఉందండీ" అన్నారు మాస్టారు. "జబ్బు నాది."

ఆయన ఫోను పెట్టేశాడు. మాస్టారు అక్క వంక చూశారు. ఆవిడ కదల్లేదు. మాస్టారు ఇంకో నంబరు నొక్కారు.