విశ్రాంతి దినం

ఆదివారం ప్రార్థన సగంలో ఉండగా గంగ సంఘం పాక గుమ్మం దగ్గరికి వచ్చి మొగుణ్ణి సైగ చేసి పిలిచింది. పొద్దుటినుంచీ అంబలి చుక్క ఎరగని సుక్రు తూలుతూ లేచి బయటికొచ్చాడు.

"సంతలో మన సోట్లో కత్తులూ గొడ్డళ్లూ అమ్ముతన్నారు."

"మనం ఒగ్గేసిన సోటే గదా. అమ్ముకోనీ."

"అమ్ముతున్నోడు పైడయ్య. మన సంఘం పెద్దయ్యగారి బండి తోలేవోడు."

సుక్రు వెనక్కి తిరిగి, లోపల ప్రార్థన చేయిస్తున్న పెద్దయ్యగారి వైపు చూశాడు.

సుక్రు కొండమీద కమ్మరి. కిందటేడే బాప్తిస్మం తీసుకున్నాడు. సంత జరిగేది ఆదివారం. ఒక్కడి ప్రార్థన కోసం సంత నడిపే ఎస్టేటువాళ్లు సంతరోజు మార్చరు. "విశ్రాంతి దినాన బేరం చేస్తే దేవుణ్ణి అమ్ముకున్నట్టే," అన్నాడు సంఘపెద్ద దేవసహాయం. మైదానం నుంచి వచ్చి ఉప్పు, బట్టల దుకాణం పెట్టినవాడాయన. ఆదివారం ఆ దుకాణం తలుపులూ మూసే ఉండేవి. అది చూసే సుక్రు నమ్మాడు. సంతలో తండ్రి కూర్చున్న చోటు వదులుకున్నాడు. కొడవళ్లు మోసుకుని ఊరూరా తిరిగితే, సంతలోనే కొంటామనేవారు జనం. ఇంట్లో రెండు పూటల తిండి ఒక పూటకొచ్చింది. దేవుడు పరీక్షిస్తున్నాడనుకుని ఓర్చుకున్నాడు.

ప్రార్థన ముగిశాక దేవసహాయానికి ఎదురెళ్లాడు.

"అయ్యగారూ, పైడయ్య అమ్ముతున్న సరుకు ఎవులిది?"

"నాదే. కానీ నేను సంతలో కూర్చోలేదు కదా సుక్రూ. పైడయ్య మన సంఘంవాడు కాడు. అతనికి ఆదివారం పాపం అంటదు."

"మరి లాబం ఎవులికి?"

"అందులో పదోవంతు దేవుడికే ఇస్తాను."

ఆయన గొంతులో తొట్రుపాటు లేదు. అది నిజంగా ధర్మమేనని నమ్ముతున్నాడు.

"నీ ఇబ్బంది నాకు తెలుసు. రేపట్నుంచి మా పెరట్లో ఆ కత్తులకి పదును పెట్టు. రోజుకి మూడణాలిస్తాను."

"నాను రాను."

పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. పెద్దయ్యగారికి ఎవరూ ఎదురు చెప్పి ఎరగరు.

"నా సోటు కాళీ సేయించి, నన్నే కూలికి పిలుత్తన్నావా? దేవుడి మాటనుకుని ఇన్నాను బాబూ. నీ మాటని తెలీలేదు."

ఇంటికెళ్లి కొడవళ్ల మూట భుజానికెత్తుకున్నాడు. గంగ వెంట నడిచింది. సంతలో పైడయ్య పక్కనే గోనె పరిచి కూర్చున్నాడు. పైడయ్య తల వంచుకున్నాడు.

ఒక ముసలామె కొడవలి తీసి అంచు తడిమి చూసింది. "ఎంతకిత్తావు?"

ధర నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సుక్రు కళ్లు మూసుకున్నాడు. 'దేవుణ్ణి అమ్ముకున్నట్టే' అన్న మాట ఇంకా చెవిలో ఉంది; ధరకి బదులు పెదాల మీద ప్రార్థన కదిలింది.

"ఎంతకిత్తావు నాయనా?" అంది ముసలామె మళ్లీ.

"సెప్పు," అంది గంగ, మెల్లగా.