నలభై నిండనోళ్ల వరుస

దగ్గరికి జరగండి బిడ్డా. మిల్లు నుంచి వచ్చినవాళ్లు జుట్టులో పత్తి దులుపుకుని కూర్చోండి. చదువుకునే పిల్లలు ఆ ఫోన్లు జర పక్కన పెట్టండి. మగపిల్లలూ, మీరు లేచి పోవద్దు. రొమ్ము మాట రాగానే తల తిప్పుకునే మనుషుల వల్లనే ఈ కథ పుట్టింది.

మన మిల్లులో పత్తి ఏరే గోపమ్మ కళ్లారా చూసిన సంగతి ఇది. మిల్లుకు దగ్గర్లోని దవాఖానలో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టిన రోజు. పత్తిలో చెత్త ఏరే ఆడకూలీలను మేస్త్రీ ప్రేమ్‌సాగర్ ట్రాలీ ఆటోలో తెచ్చి వరుసలో నిలబెట్టాడు. గోపమ్మ ముందర రూప నిలబడింది. చంకలో రెండేళ్ల బిడ్డ.

బల్ల దగ్గరి సారు కాగితం మీది నుంచి తల ఎత్తలేదు.

"వయసెంత?"

"ఇరవై ఆరు సార్."

"నలభై దాటినోళ్లకే అని బోర్డు ఉంది కదా. పక్కకు జరుగు."

"ఎడమ పక్క గడ్డ ఉన్నది సార్. నొప్పి లేదు గని రోజురోజుకు గట్టిగైతాంది."

"చంటిపిల్ల తల్లివి, పాలగడ్డ అది. నీ వయసుకు ఆ రోగం రాదు. తర్వాత ఎవరు?"

వెనక ప్రేమ్‌సాగర్ నవ్వాడు. "పని ఎగ్గొట్టనీకి గడ్డ ఒకటి దొరికింది ఈమెకు! నడువ్, బండెక్కు."

తర్వాతి వంతు గోపమ్మది. అరవై దాటిన మనిషి, ఆమెను ఎవరూ ఆపరు. కానీ ఆమే కడుపులో తిప్పుతోందని చెప్పి వరుస తప్పుకుంది. లోపలికి పోతే జాకెట్టు విప్పాలి. విప్పితే ఎడమ రొమ్ము లేదని తెలుస్తుంది.

తెలంగాణ వచ్చిన ఏడాది పట్నంలో కోసి తీసేశారు దాన్ని. ఊరికి వచ్చి గర్భసంచి ఆపరేషన్ అని చెప్పింది. మన వైపు ఇంటింటా జరిగేదే కదా, ఎవరూ మళ్లీ అడగలేదు. రోజూ స్నానం చేసి, మిల్లు పత్తి పిడికెడు పాత చీర పేలికలో చుట్టి, ఆ ఖాళీలో పెట్టుకునేది. ఎనిమిదేళ్లు అట్లాగే గడిపింది.

నొప్పి లేని గడ్డ. రోజురోజుకు గట్టిపడే గడ్డ. తనకూ అట్లాగే మొదలైంది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

బండిలో రూపే అడిగింది. "గోపవ్వా, బాలింతల సంగతులన్నీ నీకు ఎరికంటరు. ఏం జెయ్యాలె?"

"మల్లెపూలు కట్టు బిడ్డా. పాలు ఇంకుతయి, గడ్డ కరుగుతది."

గోపమ్మ మోత్కూరు అంగడిలో మల్లెలు కొని, రూప రొమ్ము మీద పరిచి, గుడ్డతో తానే కట్టింది. తాను చెప్పిన మాటను తానే నమ్మాలని ఒకటే మొక్కుకుంది. పదకొండు రోజులు పొద్దున్నే వాడిన పూలు తీసి కొత్తవి కట్టింది. అప్పుడే రూప అడిగేది, "ఇంక ఎన్ని దినాలు కట్టుకోవాలె అవ్వా?"

పూలు వాడాయి. గడ్డ వాడలేదు. రూప మూడుసార్లు ఒక పూట సెలవు అడిగితే ప్రేమ్‌సాగర్ మూడుసార్లూ లేదన్నాడు. పట్నం చేరేసరికి గడ్డ చంకలోకి పాకింది. పడుచు ఒంట్లో ఇది తొందరగా పాకుతుందమ్మా, మొదట్లోనే తేవాల్సింది అన్నారు అక్కడి డాక్టర్లు. ఏడో నెలలో రూపను చర్చి వెనక మట్టిలో పెట్టారు. ఎవరో పెట్టె మీద మల్లెదండ వేశారు. గోపమ్మ అక్కడే వాంతి చేసుకుంది.

ఆనాటి నుంచి మిల్లులో ఆ పిల్ల చోటు ఖాళీగానే ఉండేది. మిట్టమధ్యాహ్నం మిషన్ల హోరులో, పత్తి పింజలు ఎగురుతుంటే, ఉన్నట్టుండి గోపమ్మకు మల్లెల వాసన వచ్చేది. తల ఎత్తితే కుప్ప పక్కన రూప. ఆ పిల్ల చేతులు పత్తి ఏరుతూనే ఉండేవి. "ఇంక ఎన్ని దినాలు అవ్వా?"

ఎదురుగా రూప తల్లి జానమ్మ కూర్చునేది, మనవరాలిని ఒడిలో పెట్టుకుని. తెచ్చుకున్న బువ్వలో సగం గోపమ్మకు పెట్టేది. "తిను అక్కా. పదకొండు దినాలు నా బిడ్డకు చాకిరి చేసినవు" అనేది. గోపమ్మ తల వంచుకుని తినేది.

ఏడాది తిరిగింది. మళ్లీ క్యాంపు వచ్చింది. మళ్లీ అదే బోర్డు.

"నలభై దాటినోళ్లు లెవ్వుండ్రి. మిగిలినోళ్లు చెయ్యి ఆపొద్దు" అన్నాడు ప్రేమ్‌సాగర్.

డిగ్రీ మధ్యలో మానేసి పనికొచ్చిన వర్షిత లేచింది. ఇరవై రెండేళ్లు. "అన్నా, నన్ను గూడ తోల్కపో. నాకు గడ్డ తగుల్తాంది."

"ఏందే? పెండ్లే కాలేదు, పాలెక్కడివి నీకు?"

మిషన్ల దగ్గరి మగవాళ్లు కిసుక్కున నవ్వారు. మల్లెల వాసన గుప్పుమంది. గోపమ్మ చూసింది. కుప్ప పక్కన రూప నిలబడి ఉంది. ఈసారి గోపమ్మను ఏమీ అడగలేదు. వర్షిత వైపే చూస్తోంది.

గోపమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"జానమ్మా, నీ బిడ్డ గడ్డ ఏందో నాకు ఎరికే. తెల్సి చెప్పలే."

జానమ్మకు అర్థం కాలేదు. గోపమ్మ జాకెట్టులో చెయ్యి పెట్టి పత్తి మూట తీసి కుప్ప మీద పెట్టింది. ఒక పక్క పైట చప్పగా దిగిపోయింది. మిషన్లు ఎవరు ఆపారో తెలియదు.

"ఎరికేనా?" అంది జానమ్మ. "నా ఇంట్ల కూసున్నవు, నా బువ్వ తిన్నవు. ఒక్క మాట చెప్పనీకి నోట్లె మన్ను పోసుకున్నవా?"

"సిగ్గయింది."

"నీ సిగ్గు పాడుగాను! నా బిడ్డను మింగింది గదే నీ సిగ్గు!"

జానమ్మ మూట తీసి గోపమ్మ ముఖాన కొట్టింది. పత్తి కదా, చప్పుడు కూడా కాలేదు.

డెబ్బై ఏళ్ల పుల్లమ్మ నడుమ పట్టుకుంటూ లేచింది. "గోపమ్మ ఒక్కతే మింగిందా జానమ్మా? మూడుమాట్ల సెలవియ్యనోడు మింగలే? బోర్డు రాసినోడు మింగలే? దాన్ని సుత కొట్టు, నేను వద్దంటలే. గని మిగిలినోళ్లను ఎవలు కొట్టాలె?"

వర్షిత ఏడుస్తోంది. "నాకు భయమైతాంది అవ్వా."

జానమ్మ ఆ పిల్ల కళ్లు పైటతో తుడిచింది. వంగి మూట తీసి గోపమ్మ చేతిలో పెట్టింది. "నిన్ను క్షమించేది ప్రభువు చూసుకుంటడు. ఇగ దాచకు. పట్టుకొని నడువు."

అందరూ లేచారు. ప్రేమ్‌సాగర్ గేటుకు అడ్డం పడ్డాడు. "పోతె మల్ల రాకుండ్రి!"

"మేం రాకుంటె చెత్త నువ్వేరుతవా కొడుకా?" అంది పుల్లమ్మ. "గంత బొర్ర కడుపుతోని వంగొస్తదా నీకు?"

నలభై మంది ఆడవాళ్లు ఎండలో నడిచి పోయారు. చిన్న వయసు వాళ్లు వరుస ముందర, ముసలివాళ్లు వెనక. బల్ల దగ్గర అదే సారు వర్షితను వయసు అడిగాడు, పక్కకు జరగమన్నాడు. వర్షిత జరగలేదు. వెనక నుంచి పుల్లమ్మ వచ్చి బల్ల ముందర నిలబడింది.

"నీ వయసెంతమ్మా?"

"ఇరవై ఆరు."

"తమాషా చేస్తున్నావా?"

"రాయి సారూ. మా రూపకు ఎంతో నాకూ గంతే. ఇరవై ఆరు."

తర్వాత జానమ్మ. "ఇరవై ఆరు." ఆమె వెనకావిడ, "ఇరవై ఆరు." వాళ్ల వెనక వాళ్లూ అదే మాట. సారు కలం ఆగిపోయింది. "పైనుంచి ఆర్డరమ్మా, నా చేతిలో ఏముంది?"

గోపమ్మ పత్తి మూట బల్ల మీద పెట్టింది. "ఇది నా రొమ్ము సారూ. ముసలిదాన్ని, కోసినంక తొమ్మిదేండ్లు బతికిన. ఇదే బల్ల కాడ నుంచి నువ్వు ఎల్లగొట్టిన పిల్ల ఏడు నెలలు బతకలే. ముందు గీ పిల్లల పేర్లు రాయి. గప్పటిదాంక మాలో ఒక్కతి గూడ జాకెట్టు విప్పది."

ప్రేమ్‌సాగర్ ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. గోపమ్మను, జానమ్మను జీపు ఎక్కించారు. మిగిలినవాళ్లు దవాఖాన మెట్ల మీద కూర్చున్నారు, లేవలేదు. స్టేషన్‌లో రైటర్ గోపమ్మ పేరు రాసుకుని వయసు అడిగాడు. ఏం చెప్పిందో మీకు తెలుసు. ఆమె పక్కన మల్లెల వాసన వేస్తూనే ఉంది. కానీ ఎన్ని దినాలు అని ఎవరూ అడగలేదు.

మర్నాడు రెండో మిల్లు ఆడవాళ్లు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆ మర్నాడు కాలేజీ పిల్లలు. మూడో రోజు బోర్డు దిగింది. మొదట రాసిన పేరు వర్షితది. గడ్డ శనగగింజంత ఉంది, రోగం అదే. కోశారు, మందులెక్కించారు, జుట్టు రాలింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్ల ఉంది.

గోపమ్మ మీద కేసు ఇంకా ఉంది. ఒక్క చోట దిగిన బోర్డు ఇంకా ఎన్నో చోట్ల వేలాడుతూనే ఉంది. మిల్లులో రూప చోటు నేటికీ ఖాళీయే, అక్కడ ఎవరూ కూర్చోరు.

అందుకే అడుగుతున్నా బిడ్డా. ఈ కథను ఇక్కడే దులిపేసి పోకండి. ఇంటికి పోయి అక్కకు చెప్పండి, అమ్మకు చెప్పండి, పని దగ్గర పక్కన కూర్చున్న పిల్లకు సిగ్గు లేకుండా చెప్పండి. పేర్లు మరిచినా సరే. వయసు మాత్రం మరవొద్దు. రేపు ఏ బల్ల ముందరైనా మీ వరుస ఆపి వయసెంత అని అడిగితే, అందరూ ఒక్క గొంతుతో చెప్పండి.

ఇరవై ఆరు.