కోయకుండా వదిలిన మొగ్గ

రోజూ తెల్లవారగానే వదినా మరదళ్ళు చెరో గిన్నె పట్టుకుని పెరటి గోడ దగ్గరికి వెళ్ళేవారు. రాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చుకుని పెరిగిన కేపర్ పొద అక్కడుంది. నీళ్ళెక్కువ పోస్తే అలుగుతుంది, ఎండ కాస్తే మురిసిపోతుంది. మొగ్గలు శనగగింజంత ఉండగానే కోసి ఉప్పులో ఊరేయాలి. ఒక్కటి మరిచినా పువ్వవుతుంది. ఆ పువ్వు రాలేదాకా పొద్దు ఉన్నచోటే నిలబడిపోతుంది. అందుకే వీధివాళ్ళు గోడమీంచి తొంగిచూసి, "అన్నీ కోశారా?" అని అడిగి మరీ పనుల్లోకి వెళ్ళేవారు.

ఆ రోజు పది గంటల బస్సుకి వదిన పుట్టింటికి వెళ్ళిపోతోంది, మళ్ళీ రాకుండా. అన్న పోయి ఏడాదైంది. వారం కిందట, సీసాలో ఉప్పెక్కువైందన్న చిన్న గొడవలో మరదలు నోరు జారింది. "మా అన్నయ్యే లేడు, ఇంకా నీకిక్కడేం పని?" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. మరదలు పుస్తకాలకి అట్టలు కుట్టి బతికే మనిషి, ఎంత లావు సూదికీ జంకదు. వదిన ముఖంలోకి చూడ్డానికి మాత్రం వారం నుంచీ జంకుతోంది.

అందుకే ఆ ఉదయం ఆకు చాటున ఒక మొగ్గ వదిలేసింది.

తొమ్మిదిన్నరకి అది విచ్చుకుంది. తెల్లటి రేకులు, మధ్యన ఊదారంగు కేసరాలు. గోడమీద ఎండ కదలడం మానేసింది.

"ఎవరమ్మా మొగ్గ వదిలింది? మా బడి గంట మోగట్లేదు!" అని గోడవతల నుంచి పంతులమ్మ కేకేసింది.

"కళ్ళు సరిగ్గా ఆనలేదండీ," అంది మరదలు.

వదిన పెట్టె గడప దగ్గరుంది. ఊరికే కూర్చోలేక ఆవిడ మొగ్గల్ని జల్లెడ పట్టింది. మరదలు ఉప్పందించింది. తీగమీద బట్టలు ఆరిపోయాయి. పిల్లి మూడుసార్లు పడుకుని లేచింది. ఇద్దరూ గోడకానుకుని ఓ కునుకు తీసి లేచేసరికి కూడా తొమ్మిదిన్నరే.

"ఇంత పొద్దు ఆపావు," అంది వదిన తలెత్తకుండానే. "అయినా నోరు పెగలదేం?"

మరదలికి ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయిపోయింది వదినా. అన్నయ్య గురించి చెప్పుకోవడానికి నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనుండలేను."

వదిన జల్లెడ పక్కన పెట్టింది. ఒక రేకు రాలింది, వెనకే మిగతావీ రాలాయి. ఎండ గోడ దిగింది. పదింటికి వీధి చివర బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"బస్సు, వదినా..."

"నాకు చెవుడు లేదులే. చలికాలంలో ఈ పొదని మొదలంటా కత్తిరించాలి. నీ చేతికి కత్తెరిస్తే గోడ కూడా మిగలదు," అంటూ వదిన ఉప్పు చేత్తోనే మరదలి కన్నీళ్ళు తుడిచింది.

"అబ్బా, మంట!" అంది మరదలు.

"మండనీ," అంది వదిన.