రెండో సైకిలు

పదకొండేళ్ళుగా సైకిల్ క్లబ్బు ఆకురాలు కాలపు యాత్రని ముందుండి నడిపింది పోస్ట్‌మానే. ఈ ఏడు ఆ చోటు తోడల్లుడికిచ్చారు. ఓట్లేసి మరీ ఇచ్చారు. తోడల్లుడంటే మరదలి మొగుడు, మందుల షాపాయన. సైకిలెక్కి మూడేళ్ళు కాలేదు గానీ, హ్యాండిల్‌కి ఫోను బిగించుకుని, లోకంలో దారులన్నీ తనే వేయించినట్టు మాట్లాడతాడు. పోస్ట్‌మాన్‌కి వయసైపోయిందట, మలుపుల దగ్గర నెమ్మదిస్తున్నాడట. మీటింగులో ఆ మాటన్నది సాక్షాత్తూ ఈ మహానుభావుడే. పైగా అన్నయ్యకి ఇక విశ్రాంతి ఇద్దామని మర్యాదొకటి. ఒళ్ళు మండదూ మరి?

ఆదివారం పొద్దున్నే పద్నాలుగు మంది బయల్దేరారు. వాళ్ళకొక పద్ధతుంది. చక్రానికీ చక్రానికీ జానెడు దూరంలో, ఒకరి వెనకొకరు తొక్కుతారు. వెనకున్నవాళ్ళకి రోడ్డు కనపడదు, ముందువాళ్ళ వీపే కనపడుతుంది. అందుకని ముందున్నవాడు గుంత చూస్తే అరవాలి. అతను చూడకపోతే, పక్కనుంచి తొంగి చూస్తుండే రెండోవాడు అరవాలి. ఆ రెండో చోటు పాత లీడరుది. పోస్ట్‌మాన్ అక్కడ పళ్ళు నూరుకుంటూ తొక్కుతున్నాడు. అతని వెనకే మరదలు.

ఊరు దాటి, కోసేసిన చేల మధ్య కాసేపు తొక్కాక, ఫోను చెప్పిందని తోడల్లుడు ఒక ఇరుకు సందులోకి తిరిగాడు. రెండు పక్కలా రాతిగోడలు, కింద తడి ఆకులు. పోస్ట్‌మాన్ రోజూ ఉత్తరాలు పంచే సందే అది. వానకి అక్కడి కల్వర్టు మీద పలక ఒకటి కుంగిపోయింది. మొన్న మంగళవారం తను దిగి సైకిలు చేత్తో నడిపించుకుపోయాడు. ఇప్పుడు దాన్ని ఆకులు కప్పేశాయి.

ఒక్క కేక వేస్తే సరిపోయేది. పడనీ, మోకాళ్ళు చెక్కుకుపోనీ, ఎవరికి వయసైపోయిందో అందరూ చూడనీ అనుకున్నాడు. నోరు కుట్టేసుకున్నాడు.

ముందు చక్రం దిగబడింది. తోడల్లుడు ఎగిరి గోడకి కొట్టుకున్నాడు. మోకాళ్ళతో పోలేదు, భుజం ఎముక విరిగి చొక్కా కిందనుంచి పొడుచుకొచ్చింది. అతను అరిచిన అరుపు సందంతా మోగింది. పోస్ట్‌మాన్ అందరికంటే ముందు పరిగెత్తి, ఆకులు కప్పేస్తే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుందని నొచ్చుకున్నాడు. క్లబ్బు సెక్రటరీ అయిన బేకరీ ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసి, అతనితో, ఇక మమ్మల్ని మీరే ఇంటికి చేర్చాలి అంది. సిగ్గులేని గుండె, ఆ మాటకి ఒక్క గంతు వేసింది.

మొగుడి తల ఒళ్ళో పెట్టుకున్న మరదలు కళ్ళెత్తింది.

"బావా, మీకు గుంత కనపళ్ళేదా?"

"ఆకుల్లో ఏం కనపడుతుందమ్మా?"

"మరి ఆయన పడకముందే కుడికెందుకు తిప్పారు? మిమ్మల్ని చూసి నేను తిప్పాను. నన్ను చూసి మిగతావాళ్ళు తిప్పారు. మా ఆయనొక్కడే తిప్పలేదు."

నిజమే. రోజూ ఆ సందులో తిరిగే చేతులు, నోటితో పని లేకుండా, తమ పాటికి తాము తిప్పేశాయి. వెనక పన్నెండు మందీ ఆ చేతుల్ని నమ్మి క్షేమంగా బయటపడ్డారు. ఇప్పుడా పన్నెండు మందీ అతన్నే చూస్తున్నారు.

అంబులెన్సు ఇద్దర్నీ ఎక్కించుకుపోయింది. మరదలు మళ్ళీ అతని మొహం చూడలేదు. బేకరీ ఆవిడ సైకిలెక్కుతూ, "మీరు మా ముందూ వద్దు, వెనకా వద్దు" అంది. మిగతావాళ్ళు ఆవిడ వెంట కదిలారు.

సందు చివర దారి రెండుగా చీలుతుంది. వాళ్ళు ఎడమకి తిరిగారు. అటు వెళ్తే పాడుబడ్డ రాళ్ళ క్వారీ తప్ప ఏమీ లేదు.

"అటు కాదు, కుడికి, కుడికి వెళ్ళాలి," అని పోస్ట్‌మాన్ గొంతు చించుకుని అరిచాడు.

అందరికీ వినపడింది. ఒక్కరూ తిరగలేదు.