మెట్లు ఎటువైపు

మా విల్యా కార్మెలా పేటలో తల్లిదండ్రులు పిల్లలకి పొలాలు పంచరు, గాలి పంచుతారు. ఈ కొండవాలులో ఎవరికున్నది జానెడు స్థలమే కదా. అందుకని కింది ఇల్లు పెద్ద బిడ్డకీ, దాని కప్పు మీదున్న గాలి చిన్న బిడ్డకీ అని నోటరీ దగ్గర కాగితం రాయిస్తారు. గాలి దక్కినవాళ్ళు అందులో మేడ కట్టుకుంటారు. ఇరవై ఏడేళ్ళుగా నేను కడుతున్నవన్నీ ఈ గాలిలో మేడలే. నా పేరు తెయోదులో. అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. పనికి వంక లేదు, నోరే కాస్త దురుసు.

దోన్యా అంటే మా వైపు అమ్మగారు. దోన్యా సెనోబియా నన్ను పిలిపించిన రోజు తుంపర పడుతోంది. ఆవిడ బడి ముందు ఉడికించిన మొక్కజొన్న కండెలు, జున్నుముక్కలు అమ్ముతుంది. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా కూడా రాదు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నేలిదా కింది ఇంట్లో తల్లితో ఉంటూ, ముందుగదిలో మిషను పెట్టుకుని బడి బట్టలు కుడుతుంది. చిన్నది రుత్. మొగుడితో కలిసి కప్పు మీద చెక్కలగదిలో కాపురం, అయిదో నెల కడుపు. వీధిలోంచి అక్క ముందుగది దాటి, పెరట్లోకి వెళ్ళి, నిచ్చెనెక్కి తన గదికి చేరాలి. ఆ పిల్ల కోసం పైన అంతస్తు వెయ్యాలి. అదీ పని.

"రెండు గదులు, వంటిల్లు, బాత్రూము. మెట్లు ఈ ముందుగదిలోంచి లేపేద్దాం," అన్నాను గోడ మీద అరచేత్తో కొట్టి. "బయట్నుంచి వేస్తే గోడవారనున్న మీ కూయిల గూడు పోతుంది."

కూయిలంటే గినీపందులు, అవంటే ఆవిడకి ప్రాణం. పండగొస్తే ఎర్రగా వేయించి పెట్టేదీ వాటినే అనుకోండి, అది వేరే సంగతి.

"ఆదివారం రా మేస్త్రీ. ఈలోపు నేను ఆ ఇంట్లో నాలుగురోజులు ఉండి చూస్తా."

"ఏ ఇంట్లో?"

"ఇంకా కట్టని ఇంట్లో."

ముసలావిడకి మతి చలించిందనుకున్నాను.

ఆదివారం నిచ్చెనెక్కి చూద్దును కదా, కప్పంతా సున్నంతో ముగ్గు పోసి ఉంది. గోడకి రెండు గీతలు, తలుపు ఉన్నచోట ఖాళీ. వంటిల్లనుకున్న చోట నిజంగానే పొయ్యి పెట్టి చారు కాస్తోంది. నేను తిన్నగా ఆవిడ దగ్గరికి నడిచాను.

"ఆగాగు! గోడలోంచి నడిచొస్తున్నావ్. నువ్వేమన్నా దెయ్యానివా? తలుపు అటుంది."

వెనక్కి వెళ్ళి తలుపులోంచి వచ్చాను. ఇన్నేళ్ళ మేస్త్రీని, లేని తలుపు తోసుకుని మరీ వచ్చాను. పక్కింటి కప్పు మీద బట్టలారేస్తున్నావిడ పకపకా నవ్వింది.

"దోన్యా, మీ గాలి మేడలో కాఫీ ఏమన్నా దొరుకుతుందా?"

"దొరుకుతుంది, ముందు తలుపు కొట్టు!"

నవ్వుతూనే ఆవిడ పని చేసుకుపోతోంది. రుత్‌నీ, దాని మొగుడినీ పరుపు మొయ్యమని ఆ గీతల మధ్య తిప్పింది. మలుపు దగ్గర పరుపు గీత దాటేసరికి గీత చెరిపి జానెడు వెడల్పు చేసింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"మెట్ల మలుపులో శవపేటిక తిరగాలి మేస్త్రీ. కిందటేడు మూడో వీధిలో ముసలాయన్ని తాళ్ళు కట్టి కిటికీలోంచి దింపారు. బతికినన్నాళ్ళూ గౌరవంగా బతికిన మనిషి."

ఆ మెట్లు కట్టింది నేనే. ఆ మాట ఆవిడకి తెలుసో తెలీదో, నేను మాత్రం ఎత్తలేదు.

పై వంటిల్లు సరిగ్గా కింది వంటింటి నెత్తినే ఉండాలంది, నీళ్ళ గొట్టం ఒక్కటే సరిపోతుందని. పడకగదికీ, పక్కనున్న ఖాళీకీ మధ్య గోడ మీద బరువు పెట్టొద్దంది. ఎందుకంటే, పుట్టబోయేది ఓ పదేళ్ళకి తనకో గది కావాలంటుంది, అప్పుడు గోడ పగలగొట్టి తలుపు పెట్టుకుంటారు. పిల్లర్ల చువ్వలు పైకి నిలువెత్తు వదిలెయ్యమంది. అది మా పేటలో అందరూ చేసేదే, మూడో అంతస్తు మీద ఆశతో. అందరూ చువ్వలు గాలికి వదిలేస్తారు, తుప్పు పడతాయి. ఈవిడ మాత్రం ఒక్కో చువ్వకీ ఒక్కో ఖాళీ సీసా బోర్లించడానికి అప్పటికే ముప్పైరెండు సీసాలు కడిగి ఆరబెట్టింది. నేను నా జన్మలో ఇంజనీర్లని చాలామందినే చూశాను. పుట్టనిబిడ్డ పదేళ్ళ తర్వాత ఏమడుగుతుందో లెక్కేసుకున్న మనిషిని మాత్రం ఆ ఆదివారమే చూశాను.

కానీ మెట్ల దగ్గర నాకు పట్టుదల వచ్చింది.

"అన్నీ మీరన్నట్టే కడతాను. మెట్లు మాత్రం లోపల్నుంచే. ఒకే ఇంటి పిల్లలు, ఒకే గుమ్మం. కలిసుంటారు."

ఆవిడ కిందికి దిగి, నన్ను ముందుగదిలోకి పిలిచింది. నేలిదా మిషను పక్కన గాజుసీసా ఒకటుంది. సగానికి పైగా మొక్కజొన్న గింజలు.

"చిన్నది ఈ గది దాటుతూ 'దారివ్వక్కా' అన్నప్పుడల్లా ఒక గింజ వెయ్యమన్నా. మొదట్లో ఇద్దరూ ఆటలా వేశారు. ఇప్పుడు చూడు."

అప్పుడే రుత్ వచ్చింది. "దారివ్వక్కా" అంది. నేలిదా మిషను ఆపి, కుర్చీ జరిపి, గుడ్డ మడిచి, తల ఎత్తకుండానే ఒక గింజ సీసాలో పడేసింది. రుత్ పొట్ట పట్టుకుని ఒద్దికగా గోడవారనే వెళ్ళిపోయింది. గింజ పడ్డ చప్పుడు కాస్త గట్టిగానే వినపడింది.

"రెండు వారాలకే ఇన్ని. ఇవి గింజలు కావు మేస్త్రీ, ఒక్కోటీ ఒక్కో విసుగు. నేను పోయాక కూడా నా పిల్లలిద్దరూ మాట్లాడుకోవాలి. నా ప్లానంతా అదే. మేడ కూలితే మళ్ళీ కట్టుకోవచ్చు."

"మంచి పిల్లలే కదా దోన్యా. సర్దుకుంటారు."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "మీ ఇంట్లో మెట్లు ఎవరు కట్టారు?"

"నేనే."

"లోపల్నుంచా?"

"లోపల్నుంచే."

"మరి మీ తమ్ముడు నీతో మాట్లాడతాడా?"

ఒళ్ళు మండిపోయింది. తాపీ, తూకపుగుండు సంచిలో పడేసి, "మీ మేడ మీరే కట్టుకోండి" అని వచ్చేశాను.

విల్యా కార్మెలా అంతటికీ తెలిసిన సంగతే అది. మా అమ్మ పోతూ కింది ఇల్లు నాకూ, గాలి మా అబీలియోకీ ఇచ్చింది. వాడు నాకన్నా రెండేళ్ళు చిన్న. నా చెయ్యి పట్టుకునే తాపీపని నేర్చుకున్నాడు. మెట్లు నా ముందుగదిలోంచి లేపాను. తమ్ముడే కదా అనుకున్నాను. ఆరేళ్ళ కిందట ఓ ఆదివారం స్నేహితులతో టీవీలో ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాను, పెనాల్టీ కొట్టబోతున్నారు. సరిగ్గా అప్పుడే వాడు భుజాన గ్యాసుబండతో టీవీకి అడ్డం వచ్చాడు. "ఇది ఇల్లా, బస్టాండా?" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. వాడు మాత్రం నవ్వలేదు. బండ కిందికి దించి, నావైపు తిరిగి, "దారివ్వండి" అన్నాడు. అండి! సొంత అన్నని! ఆనాటినుంచి వాడి నోట నాతో ఆ ఒక్క మాటే. పొద్దున పనికి పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి.

ఆరోజు సాయంత్రం కూడా వచ్చాడు. మా ఆవిడ ఇర్మా, నేనూ భోజనాల దగ్గర ఉన్నాం.

"దారివ్వండి."

కుర్చీ ముందుకి జరిపాను. వాడు నా వెనకనుంచి ఒదుక్కుని మెట్లెక్కిపోయాడు. చెవిలో గింజ పడ్డట్టయింది. రోజుకి రెండు, వాడి పెళ్ళానివి రెండు, ఆరేళ్ళు. ఎన్ని సీసాలు, ఎన్ని బస్తాలు! చారు గిన్నె పక్కకి జరిపేశాను.

"ఏవయింది?" అంది ఇర్మా.

"ముసల్ది నన్ను చంపేసింది."

"ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలిగా," అని ఇర్మా చారు గిన్నె నావైపు తోసింది.

మూడు రోజులు బిగదీసుకున్నాను. నాలుగోరోజు సెనోబియా ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ కూయిల గూడు విప్పుతోంది. ఒక్కో పలకా తీసి గోడకి ఆనిస్తోంది. కూయిలు అట్టపెట్టెలో కీచుకీచుమంటున్నాయి. పదిహేనేళ్ళ గూడు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, చేతులు మాత్రం ఆగట్లేదు.

"వచ్చావా? ఆ మేకు పీకు."

పీకాను. మెట్లు బయటే వేశాను. పదిహేడు మెట్లు, అన్నీ ఒకే ఎత్తు, పొట్టతో ఉన్న పిల్లయినా మోకాళ్ళు అరిగిన ముసలి అయినా ఆయాసం లేకుండా ఎక్కేట్టు. మలుపులో ఒక బల్ల తిప్పి చూపిస్తే గానీ ఆవిడ ఒప్పుకోలేదు. నేను కట్టినవాటిలో అంత మంచి మెట్లు ఇంకెక్కడా లేవు. ఆ గొప్ప నాది కాదు. నేను ఇటుకలు పెట్టాను, ఇల్లు ఆవిడ కట్టింది.

శ్లాబు పోసిన రోజు వీధి వీధంతా వచ్చింది. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర్నుంచి పైదాకా వరసకట్టి బకెట్లు అందించారు. మా పేటలో ఎవరి శ్లాబయినా అందరూ రావాల్సిందే, పగ ఉన్నా సరే. అబీలియో కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. నాకూ వాడికీ మధ్య నలుగురు మనుషులు. పని అయ్యాక ఇంటికి శుభమని మట్టి ఎద్దుల జత పైన పెట్టి, సారా పోసి, కోడిచారు తాగాం. నేలిదా కింద వీధిలో నిలబడి, "ఒసే రుత్, ఇక మీ ఇంటికి రావాలంటే నేను తలుపు కొట్టాలా?" అని అరిచింది. "కొట్టకపోతే రానివ్వను పో!" అని పైనుంచి జవాబు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. గింజల సీసా సెనోబియా ఒళ్ళో ఉంది. ఆ గింజలు చారులో వేసి ఉడికించేస్తుందట.

నేను మెట్ల దగ్గర నిలబడ్డ అబీలియోని చూస్తున్నాను. వాడు అడుగుతో మెట్టు ఎత్తు కొలుచుకుంటున్నాడు. బాగుందని వాడి మొహమే చెప్పింది.

మరుసటి ఆదివారం సుద్దముక్క తీసుకుని మా ఇంటి బయటికి వచ్చాను. వీధివైపు గోడ మీద మెట్లు గియ్యడం మొదలెట్టాను. మా ముందుగదికి ఉన్నది ఒక్కటే కిటికీ, ఆ గోడకే. తొమ్మిదో మెట్టు దగ్గర గీత కిటికీకి అడ్డంగా వచ్చింది. ఆ కిటికీ దగ్గరే మా అమ్మ కూచునేది. కిటికీ చెక్కని ఒకసారి తడిమాను. తర్వాత కిటికీ మీదినుంచే గీశాను, పదో మెట్టు, పదకొండో మెట్టు, అలా పైదాకా.

వెనక చెప్పుల చప్పుడు ఆగింది. నేను గుమ్మానికి అడ్డంగా ఉన్నాను.

"దారివ్వం..." అని మొదలెట్టి ఆగిపోయాడు అబీలియో.

గోడవైపు చూశాడు. కిందినుంచి పైదాకా ఒక్కో మెట్టూ చూశాడు. నేను తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"నీ కిటికీ పోతుంది కదన్నా."

'అన్నా' అన్నాడు.

"పోతే పోనీరా. ఆరేళ్ళుగా చీకట్లోనే ఉన్నాగా."

వాడు నా చేతిలోంచి సుద్ద లాక్కున్నాడు. నా గీతలు మోచేత్తో చెరిపేశాడు. "నువ్వు మారవు. ఇక్కణ్ణుంచి మలుపు తిప్పావనుకో, సగం కిటికీ మిగుల్తుంది."

"అంత ఇరుకు మలుపులో శవపేటిక తిరగదురా."

"తిరుగుతుంది."

"తిరగదు."

"బల్ల పట్టు, చూద్దాం!"

ఇద్దరం లోపలికి వెళ్ళి భోజనాల బల్ల చెరోవైపూ ఎత్తాం. వాడు వెనక్కి నడుస్తున్నాడు, నేను ముందుకి. ఇర్మా వంటింట్లోంచి గరిటెతో వచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఇది ఇల్లా, బస్టాండా?"

నా కాళ్ళు ఆగిపోయాయి. అబీలియోనే ముందు నవ్వాడు.