గుంతలో పొట్లాలు

ఆ పొద్దున మబ్బు కిందికి దిగి కూర్చుంది. వాన కురవదు, ఎండ రాదు. ఆకు కదలడం లేదు. అలాంటి పొద్దున వాసన పైకి పోదు, గుమ్మాల దగ్గరే తచ్చాడుతుంది. వీధి చివర ఎరువు గుంత దగ్గర బయలుదేరి మా వంటింటి కిటికీ దాకా వచ్చింది. పుల్లటి కుళ్ళు వాసన. అది ఎవరింటి వాసనో నాకు తెలుసు.

"ఆ కిటికీ వెయ్యి," అన్నారు మా ఆయన, గడ్డం గీసుకుంటూ. "మున్సిపాలిటీ తనిఖీ ఆవిడ పదింటికి వస్తుంది. ఇవాళతో ఆ పారమ్మ సంగతి తేలిపోతుంది. రిజిస్టరు సిద్ధంగా ఉందా?"

ఉందన్నాను. కిటికీ వేశాను. వాసన లోపలే ఉండిపోయింది.

గుంత ఉన్న స్థలం ఒకప్పుడు విరిగిన కుర్చీలతో, పగిలిన సీసాలతో నిండి ఉండేది. మున్సిపాలిటీ కొత్త నిబంధన తెచ్చింది. ఏ వీధి తన తడిచెత్తను తానే ఎరువు చేసుకుంటుందో ఆ వీధికి ఖాళీ స్థలం వాడుకోనిస్తారు. తోపుడు బండి మీద చెత్త ఏరుకునే ఆడవాళ్ళలో ఒకరిని అక్కడ జీతానికి పెడతారు. రోజూ రిజిస్టరు రాయాలి. ఫిర్యాదు రుజువైతే ఆ మనిషిని తీసేస్తారు. తప్పు ఫలానా ఇంటిదని తేలితే ఆ ఇంటివాళ్ళు నెల రోజులు గుంత తిరగెయ్యాలి. అలా వచ్చింది పారమ్మ. అసలు పేరు ఏదో ఉంది. చేతిలో పార లేకుండా ఎవరూ చూడలేదు కనక పారమ్మ అయింది.

మా ఆయన వీధి కమిటీకి అధ్యక్షులు. సంతకం ఆయనది, రాత నాది. "నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా," అన్నారు. ఖాళీగా ఉండే నేను ఐదింటికి లేచి గుంత దగ్గరికి వెళ్ళేదాన్ని. ఎండుటాకులు ఎన్ని గంపలు, ఏ ఇంటి బకెట్ వచ్చింది, ఏది రాలేదు, అన్నీ రాసి, వచ్చి పొయ్యి వెలిగించేదాన్ని. మొదటి ఎరువు పంచిన రోజు అందరూ ఆయనకి చప్పట్లు కొట్టారు. రిజిస్టరు చంకలో పెట్టుకుని నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక "ముందు చేతులు కడుక్కో, కంపు," అన్నారు.

పారమ్మ నాకు పని నేర్పింది. ఇనుప ఊచ గుంతలోకి దింపి కాసేపాగి తియ్యాలి. "అరచేతిలో పట్టుకోలేనంత కాలితే గుంత బతికున్నట్టు అమ్మాయ్," అనేది. ఒకసారి నవ్వుతూ, "గుంతకీ మొగుడికీ తేడా ఏమిటో తెలుసా? గుంత ఏం పెట్టినా తింటుంది," అంది. పొట్ట పట్టుకుని నవ్వాను. నిజానికి అదీ అబద్ధమే. వండిన నూనె కూర, అన్నం ముద్ద గుంత తినదు. జిగురుపట్టి, చల్లబడి, కుళ్ళి, ఎలుకల్ని పిలుస్తుంది. గుంత పక్కన బకెట్లు కుమ్మరించే తొట్టి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, వండినవి వెయ్యరాదు అని. ఆ అక్షరాలూ నావే.

మా ఆయన అరిచే మనిషి కాదు. చెయ్యి చేసుకునే మనిషి అసలే కాదు. రెండు వేళ్ళతో కంచం అంచు పట్టుకుని అంగుళం ముందుకి జరుపుతారు. అంతే. ఏమైందండీ అంటే ఏం లేదంటారు. లేచి చెయ్యి కడుక్కుంటారు. "వాడికి చిన్నప్పట్నుంచీ నాలుక సున్నితం," అంటారు అత్తయ్య. పన్నెండేళ్ళుగా ఆ అంగుళం కోసం వంటింటి గుమ్మంలో నిలబడి కాచుకుని చూస్తున్నాను. మొదట్లో ఆ కంచం నేనే తినేసేదాన్ని. ఒకరోజు గొంతు దిగలేదు. ఆ తరవాత మరి దిగలేదు. పారేద్దామంటే మా వీధిలో బకెట్లు అందరి ఎదుటా కుమ్మరించాలి. ఎదురింటి దర్జీ ఆవిడ కళ్ళు సూదులు. ముట్టని అన్నం, ముట్టని కూర చూసిందంటే, "ఈవిడ వంట మొగుడికి ఎక్కదన్నమాట," అని సాయంత్రానికల్లా వీధంతా కుట్టేస్తుంది. అందుకని రిజిస్టరు చిత్తు కాగితాల్లో పొట్లం కట్టేదాన్ని. తెల్లారకముందే వెళ్ళి, పారమ్మ ఎండుటాకులు ఏరడానికి వెళ్ళినప్పుడు, మోచేతి లోతున పూడ్చేదాన్ని. నాలుగు నెలలు. వచ్చి రిజిస్టర్లో రాసేదాన్ని: గుంత బాగుంది.

గుంత చల్లబడింది. వాసన మొదలైంది. ఎలుకలు వచ్చాయి. లెక్కల మాస్టారు వీధిలో నిలబడి, "నిన్న తొమ్మిది, ఇవాళ పద్నాలుగు. ఇలాగే పెరిగితే వచ్చే నెలకి కమిటీలో వాళ్ళదే మెజారిటీ," అన్నారు. అందరూ నవ్వి, తరవాత పారమ్మ వంక చూశారు.

"రాసుకో," అన్నారు మా ఆయన ఆ సాయంత్రం. "గుంత చూసుకునే మనిషి అశ్రద్ధ వల్ల..." నేను రాసుకున్నాను. అశ్రద్ధ అన్న మాట ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

ఆ ఫిర్యాదు కాగితం పారమ్మకి చదివి వినిపించాలన్నది కూడా నిబంధనే. ఆ పనీ నాకే పడింది. పారమ్మ పార మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నది. తరవాత రేకుల పాక వెనక్కి వెళ్ళి డబ్బా ఒకటి తెచ్చి మూత తీసింది. మూడు పొట్లాలు. మట్టి, జిగురు, నీలం గీతలు, గీతల మీద నా గుండ్రటి అక్షరాలు.

"వారం అయింది దొరికి. తీసుకుపోయి కాల్చెయ్యి," అంది.

"చెప్పలేదేం అక్కా?"

"ఏమని చెప్పను? మీ ఇంటి కంచం సంగతి వీధికి నేనెందుకు చెప్పాలి? నాకూ ఉండేవాడు ఒకడు, తోసేసేవాడు. నాది సత్తు కంచం, గోడ దాకా పోయేది."

"మరి నీ పని?"

"బండి ఉందిగా. చక్రం ఒకటి మార్చాలి."

అప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. హాయి. ఎవరికీ తెలియదు, ఈమె చెప్పదు, బయటపడ్డాను అనుకున్నాను. సిగ్గు దారిలో పట్టుకుంది. పొట్లాలు కాల్చలేదు. వంటింట్లో పాత గిన్నెల వెనక దాచాను. నా వంటని దాచుకున్నాను, నా రాతని దాచుకున్నాను, ఇప్పుడు ఇంకో ఆడదాని కూడుని కూడా దాచుకుంటున్నాను అనిపించింది.

ఆ పొద్దున తనిఖీ ఆవిడ పదింటికి ముందే వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఎవరి ఊచా తీసుకోలేదు, తన ఊచే దింపింది. తీసి చెంపకి ఆనించుకుంది.

"చల్లగా ఉంది. ఫిర్యాదు ఎవరిది?"

"వీధి తరఫున నేనే," అన్నారు మా ఆయన. "మనిషి మంచిదే గానండీ, శ్రద్ధ తక్కువ. చదువు లేకపోతే ఇంతే కదా."

"నీకేమైనా చెప్పుకోవాలని ఉందా?" అని ఆవిడ పారమ్మని అడిగింది.

"నాదే తప్పు రాసుకోండమ్మా," అంది పారమ్మ. అని నేల చూసింది.

తనిఖీ ఆవిడ రిజిస్టరు తెరిచి నా చేతికిచ్చింది. "రాయండి. ఏం వేశారు, ఎవరు వేశారు, కారణం."

నా కాళ్ళ దగ్గర మా ఇంటి బకెట్ ఉంది. అందులో కూరగాయల తొక్కలు. తొక్కల అడుగున మూడు పొట్లాలు. వాటిని ఎందుకు తెచ్చానో అప్పటిదాకా నాకే తెలియదు. వంగి తీసి గట్టు మీద పెట్టాను. రిజిస్టర్లో రాశాను. రాత మొదటిసారి వంకర పోయింది. తనిఖీ ఆవిడకి పైకి చదివే అలవాటు.

"వండిన అన్నం, కూర. పొట్లాలు కట్టి పూడ్చింది, ఈ రిజిస్టరు రాసే మనిషి. కారణం..." ఆగింది. గొంతు తగ్గించింది. అయినా అందరికీ వినిపించింది. "కారణం, నా భర్త కంచం తోసేస్తారు, అది నలుగురికీ తెలుస్తుందని."

లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. దర్జీ ఆవిడ తన బకెట్లోకి చూసుకుంది. నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బకెట్ మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టి ఉంచింది.

"దీనికి ఒంట్లో బాగుండటం లేదండీ," అని మా ఆయన నవ్వబోయారు.

"ఫిర్యాదు కొట్టేస్తున్నాను," అంది ఆవిడ. "ఆ ఇంటివాళ్ళు నెల రోజులు గుంత తిరగెయ్యాలి. ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం," అన్నాను.

"పెద్దావిడని వదిలెయ్యండి. ఇద్దరు."

పారమ్మ పార చూపించింది. మా ఆయనకేసి చూడలేదు, ఎవరికేసీ చూడలేదు. "రేపు ఐదింటికి బాబూ," అంది.

నాకు కృతజ్ఞత ఏమీ చెప్పలేదు. నా వంక చూడనుకూడా లేదు. చూడకపోవడమే మేలు. ఫిర్యాదు మీద గీత కొట్టారు గానీ, గీత కింద అశ్రద్ధ అన్న మాట శుభ్రంగా కనబడుతూనే ఉంది.

ఇంటికి ముందూ వెనకా నడిచాం. నేను వంట చేశాను. ఎప్పుడూ ఇద్దరికే పెట్టి గుమ్మంలో నిలబడేదాన్ని, ఆ మధ్యాహ్నం మూడో కంచం పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య ఏదో అనబోయి, నా ముఖం చూసి, గిన్నె నా వైపు జరిపారు.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. రెండు వేళ్ళు కంచం అంచు మీదికి వచ్చాయి. నేను చూశాను. అత్తయ్య తల ఎత్తలేదు గానీ ఆవిడ నమలడం ఆగింది. ఆ వేళ్ళు అక్కడ చాలాసేపు ఉన్నాయి. తరవాత కంచాన్ని అంగుళం తనవైపు లాక్కున్నాయి.

నేనూ ముద్ద పెట్టుకున్నాను. నిజంగానే ఉప్పు ఎక్కువైంది. ముగ్గురం కంచాలు ఖాళీ చేశాం.